తుంటికీలు మార్పిడి: రోగులు అడుగు ప్రశ్నలు

కందెన లేని బండియిరుసు త్వరగా అరిగిపోవును. మన తుంటికీలు కూడ అట్టిదే. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండును. కటియెముకలోని గుంట దానిని గిన్నెవలె పట్టియుండును. రెంటిపైనను నున్నని మృదులాస్థి పొర కలదు. నడుమనున్న కీలుద్రవము కందెనవలె పనిచేయును. మృదులాస్థి అరిగినచో ఎముక ఎముకతో రాచుకొనును. అడుగు తీసి అడుగు వేయుటయే కష్టమగును. మందులకును వ్యాయామమునకును లొంగని బాధకు కీలుమార్పిడి శస్త్రచికిత్స చేయుదురు.

"కొత్త కీలు దేనితో చేయుదురు?" ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకలేదు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు లోహపు బంతికి టెఫ్లాన్ గిన్నెను జతచేసెను. టెఫ్లాన్ మిక్కిలి నున్ననిది. రోగులు మొదట హాయిగా నడచిరి. కాని కొద్ది సంవత్సరములలోనే గిన్నెలు అరిగినవి. రాలిన పొడివలన చుట్టునున్న కణజాలము చెడి, కీళ్లు వదులైనవి. అనేకులకు మరల శస్త్రచికిత్స చేయవలసివచ్చెను.

1962లో ఆయన ప్రయోగశాలలో పనిచేయు హారీ క్రేవెన్, పాలిఎథిలీన్ అను గట్టి ప్లాస్టిక్కును యంత్రముపై రాపిడికి పెట్టెను. చార్న్‌లీకి దానిపై నమ్మకము లేకుండెను. కాని టెఫ్లాన్ ఒక్క దినములో అరిగినంత కూడ అది మూడు వారములలో అరుగలేదు! నున్నదనము ఒక్కటే చాలదనియు, అరుగని గుణము కూడ కావలెననియు తేలినది. నేడు మరింత గట్టిపరచిన పాలిఎథిలీన్ గిన్నెలను, లోహపు బంతులను, పింగాణీ బంతులను వాడుచున్నారు.

"ఎంతకాలము మన్నును?" 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము నూటికి సుమారు 58 తుంటికీళ్లు 25 ఏండ్లు నిలిచినవి. ఇది పూర్వము అమర్చిన కీళ్ల లెక్క. పడుచువారి విషయమున వైద్యులు తొందరపడకుండుటకు కారణమిదియే.

"ఎప్పుడు నడువవచ్చును?" చాలమందిని ఆ దినముననో మరునాడో ఊతతో నడిపింతురు. కదలక పరుండినచో కాలిసిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము హెచ్చును, కండరములు క్షీణించును. పిక్క వాచి నొప్పిపెట్టినను, ఆయాసము వచ్చినను, గాయము చీము పట్టినను వెంటనే వైద్యునికి చూపవలెను.

"నేలపై కూర్చుండవచ్చునా?" మొదటి వారములలో గొంతుకూర్చుండుటవలన బంతి గిన్నెనుండి జారవచ్చును. తరువాత ఎంతవరకు వంగవచ్చునో శస్త్రవైద్యుని అడిగి తెలిసికొనవలెను. అది చేసిన శస్త్రచికిత్సను బట్టియు, అమర్చిన కీలును బట్టియు మారును.

బండియిరుసు అరిగినచో కిర్రుమని చప్పుడు చేయును. కొత్త గిన్నె అరుగుచున్నను చాలకాలము నొప్పి కూడ తెలియకపోవచ్చును. కనుక బాగుగా నడచుచున్నవారును చెప్పిన గడువునకు ఎక్స్-రే తీయించుకొనుట మానరాదు.