పళ్లకు క్లిప్పులు: ఏ దశలో ఏం జరుగుతుంది?

పళ్లకు క్లిప్పులు వేయించుకుంటే చాలామందికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అంత కాలం ఎందుకు? పన్ను జరగాలంటే దాన్ని పట్టుకున్న ఎముక కూడా మారాలి. తీగ నెమ్మదిగా నెడుతుంటే పన్ను వెళ్లే వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. తొందరపడి బలం పెంచితే పంటి వేర్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మొదట ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు తీసి చికిత్స ఎలా సాగాలో నిర్ణయిస్తారు. చోటు చాలకపోతే కొన్ని పళ్లు తీయాల్సి రావచ్చు. దవడ పళ్లకు బ్యాండ్లు తొడగాలంటే కొన్ని రోజుల ముందే వాటి మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి సందు చేస్తారు. తర్వాత మిగతా పళ్లపై ఆమ్లపు జెల్ రాసి, కడిగి ఆరబెట్టి, బ్రాకెట్లను అతికిస్తారు. ఆ జిగురు సాధారణంగా నీలి కాంతితో గట్టిపడుతుంది.

ముందు వేసేది సన్నని నికెల్-టైటానియం తీగ. వంచినా తిరిగి తన ఆకారానికి వచ్చే గుణం దానిది. పళ్లు వరసలోకి వచ్చాక గట్టి స్టీలు తీగలతో ఖాళీలు మూస్తారు. పై పళ్లు, కింది పళ్లు సరిగా కలిసేలా అవసరమైతే రబ్బరు బ్యాండ్లు ఇస్తారు. ఇందుకోసం 4 నుంచి 8 వారాలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

క్లిప్పులు తీయగానే చికిత్స అయిపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు పాత చోటుకు జరగడం మొదలుపెడతాయి, పెట్టిన డబ్బూ కాలమూ వృథా అవుతాయి. అందుకే ఫీజు మాట్లాడుకునే రోజే రిటైనర్ ఖర్చు అందులో ఉందో లేదో అడగండి. చికిత్స చేసేది ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారేనా అన్నదీ తెలుసుకోండి.