తల్లి ఒడియు, కారు ప్రయాణమును

బిడ్డకు తల్లి ఒడిని మించిన పదిలమైన తావు లేదని మనమందరము నమ్మియున్నాము. నేనును అట్లే నమ్మితిని. కారు ప్రయాణమున ఆ నమ్మిక యెంత ప్రమాదకరమో నా యనుభవమువలన తెలిసికొంటిని. మరియొక తల్లి దీనిని నావలె తెలిసికొనవలసిన దుర్గతి కలుగకుండుటకై వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరమున సంక్రాంతి పండుగకు హైదరాబాదునుండి విజయవాడలోని పుట్టినింటికి తెల్లవారుజామున బయలుదేరితిమి. నా భర్త కారు నడుపుచుండిరి. వెనుక నేనును, ఎనిమిదేండ్ల అమ్మాయియు, రెండేండ్ల అబ్బాయియు కూర్చుంటిమి. పిల్లవానికై కొన్న ప్రత్యేకమైన కుర్చీ నా ప్రక్కనే బిగింపబడియుండెను. కాని చౌటుప్పల్ దాటకమునుపే వాడు దానిలో ఉండనని యేడ్చెను. నేను పట్టీలు విప్పి వానిని ఒడిలోనికి తీసికొంటిని. “కుర్చీలోనే ఉంచరాదా?” అని వారనిరి. “బిడ్డ యేడ్చుచుండగా చూచుచు కూర్చుందునా?” అని కసరితిని.

సూర్యాపేటలో తేనీటికై ఆగితిమి. అంతసేపు మోయుటచే నా చేతులు తిమ్మిరెక్కెను. వాడును నిద్రపోయెను. అందుచేత మాత్రమే వానిని మరల కుర్చీలో కూర్చుండబెట్టి పట్టీలు బిగించితిని. అది నా వివేకము కాదు, నా అలసట.

అటుపిమ్మట పావుగంట గడువలేదు. పొగమంచులో, దీపములు లేక దారిలో నిలిచియున్న లారీ యొకటి హఠాత్తుగా కనబడెను. వారు బ్రేకు త్రొక్కి కారును ప్రక్కకు త్రిప్పిరి. అయినను ముందుభాగము లారీకి తగిలెను. నా నడుమునకు బిగించుకొన్న పట్టీ నన్ను ఆపెను. కాని ఒడిలో రెండు చేతులతో పట్టుకొనియున్న చేతిసంచి నా పట్టు విడిపించుకొని పోయి ముందు అద్దమునకు కొట్టుకొనెను. ఆ సంచి యున్న చోటనే అరగంట క్రిందట నా బిడ్డ యుండెను.

పిల్లవాడు మేల్కొని బిగ్గరగా నేడ్చెను. వానికి గీటైనను పడలేదు. అమ్మాయి మెడప్రక్క మాత్రము పట్టీ ఒరిసి కందిపోయెను. చేనికి పోవుచున్న యొక ముసలమ్మ పరుగెత్తి వచ్చి, “ఏం గాలే బిడ్డా, ఏడ్వకు” అనుచు పిల్లలిద్దరిని తన దుప్పటిలో పొదువుకొనెను. దారిన పోవువారెవరో 108కి ఫోను చేసిరి.

ఆసుపత్రిలో వైద్యురాలు నాకు తెలియజెప్పిన సంగతు లివి. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్కసారిగా ఆగినచో, ఆ తాకిడి సుమారు 10 మీటర్ల యెత్తునుండి, అనగా మూడవ అంతస్తునుండి పడినదానితో సమానము. అట్టి వేళ ఏ తల్లి చేతులును బిడ్డను పట్టి నిలుపజాలవు. పెద్దల పట్టీ పెద్దల కొలతకే చేయబడినది. సుమారు 145 సెంటీమీటర్ల యెత్తు వచ్చువరకు అది పిల్లల భుజముపై గాక మెడపై పడును. కావున ఎత్తుపీట అవసరము. వెనుకకు తిరిగియుండు శిశువుల కుర్చీని గాలిసంచి పనిచేయుచున్న ముందు సీటులో ఎన్నడును ఉంచరాదు. ప్రమాదము జరిగిన పిదప బిడ్డ పైకి బాగుగనే యున్నను ఒక దినమంతయు కనిపెట్టి చూడవలెను. పలుమారు వాంతియైనను, మేల్కొలుపరాని మగత కలిగినను వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు బాలబాలికలను పట్టీతోగాని, తగిన కుర్చీతోగాని బంధింపకున్నచో 1000 రూపాయల జుల్మానా కలదు. కాని మన బిడ్డలకై మనము భయపడవలసినది జుల్మానాకు కాదు గదా!

ఇల్లు చేరిన రాత్రి నా భర్తకు, మా అమ్మకు నిజము చెప్పితిని. వారు మాటలాడక నా చేయి పట్టుకొనిరి. పిల్లవానిని ఒడినుండి దింపుటయే తప్పని నిన్నటివరకు వాదించిన మా అమ్మ మౌనము వహించెను. పండుగ వెళ్లిన పిమ్మట మేము తిరుగు ప్రయాణమైనపుడు వాడు మరల కుర్చీలో మారాము చేసెను. అప్పుడు మా అమ్మ తానే వంగి, వాని పట్టీలు ఒక్కొక్కటిగా బిగించి, “ఏడ్వనిమ్మమ్మా! ఏడ్చిన బిడ్డను ఊరడింపవచ్చును” అనెను.