ముసలి డెగూకి గడ్డ వస్తే...

ఎలుకలా ఉంటుంది, ఉడుతలా గెంతుతుంది. పేరు డెగూ. పుట్టిల్లు చిలీ. యూరప్‌లో చాలామంది ముచ్చటపడి పెంచుకునే ఈ బుజ్జిజీవి సాధారణంగా 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. వయసు మళ్లేకొద్దీ ఒంటిమీద గడ్డలు కనిపించొచ్చు.

గడ్డ అనగానే క్యాన్సరేనని కంగారుపడక్కర్లేదు. తోటి డెగూ కరిచినచోట చీము పట్టొచ్చు. కొవ్వు గడ్డ కావచ్చు. దవడ దగ్గర గట్టిగా తగిలితే పంటి వేళ్లు పెరిగాయేమో చూడాలి. సన్నటి సూదితో కణాలు తీసి పరీక్షిస్తే చాలాసార్లు విషయం తేలిపోతుంది.

అసలు చిక్కు ఆపరేషన్ దగ్గరే. ముసలి ప్రాణానికి మత్తుమందు ముప్పే. గడ్డ చిన్నదిగా ఉండి, డెగూ హుషారుగా తింటుంటే ధైర్యం చేయొచ్చు. అయితే ముందురోజు పస్తుంచకూడదు. ఇవి వాంతి చేసుకోలేవు, పైగా కడుపు ఖాళీ అయితే పేగుల కదలిక మందగిస్తుంది. వీటికి మధుమేహం త్వరగా వస్తుంది కాబట్టి తియ్యటి సిరప్‌లు వద్దని డాక్టరుకు గుర్తుచేయండి.

వారానికోసారి తూకం వేయండి. ఒళ్లంతా మెల్లగా తడిమి చూడండి. తోక మాత్రం పట్టుకోవద్దు, చర్మం ఊడివస్తుంది. బరువు తగ్గిపోతూ, తిండి మాని మూలన ముడుచుకుంటే ఇక కోతలు వద్దు. నొప్పి తెలియకుండా సాగనంపడమూ ప్రేమే!