ఈ బొమ్మల పుస్తకంలో దేవకి ఎక్కడ?

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం, అందులో మాట్లాడుకున్న విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. అమెరికాలో ఒక డేకేర్‌లో పనిచేసే తెలుగావిడ పంపారు. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టే ముందు ఆవిడ రోజూ ఒక బొమ్మల పుస్తకం చదువుతారు. ఒకరోజు చేతికొచ్చిన పుస్తకంలో అమ్మా నాన్నా విమానం ఎక్కి దూరదేశం వెళ్ళి, ఒక పాపని ఎత్తుకుని ఇంటికొస్తారు. కథ అయిపోయింది. ఇండియా నుంచి దత్తత వచ్చిన నాలుగేళ్ళ పాప ఒకతి పుస్తకాన్ని మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, "దీనికి ముందు ఈ పాప ఎవరి దగ్గరుంది?" అని అడిగిందట.

"నాకేం చెప్పాలో తోచలేదండీ. పుస్తకంలో లేదు, నా నోటికీ రాలేదు" అన్నారావిడ.

నిజానికి ఇలాంటి పుస్తకం ఏది చేతికొచ్చినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఈ పుస్తకాలు ఎందుకొచ్చాయి?

విదేశీ దత్తత పాత సంగతే అయినా, దాని మీద బొమ్మల పుస్తకాలు ఎక్కువగా వచ్చింది 1990ల తర్వాత. 1992లో చైనా తన పిల్లల్ని విదేశీయులకు దత్తత ఇవ్వడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఇంటికి ఒకే బిడ్డ అన్న సర్కారు కట్టడికి, మగపిల్లాడే కావాలన్న పట్టుదల తోడై, అనాథాశ్రమాలు ఆడపిల్లలతో నిండిపోయిన రోజులవి. ఆ తర్వాతి ముప్పై ఏళ్ళలో లక్షన్నరకు పైగా పిల్లలు దేశం దాటారు. వాళ్ళలో సగానికి పైగా వెళ్ళింది అమెరికాకే. 2024 సెప్టెంబరులో చైనా, దగ్గరి బంధువుల పిల్లలను తీసుకునేవాళ్ళకు తప్ప, ఈ దారి మూసేసింది.

ఇలాంటి ఇళ్ళల్లో దత్తత విషయం దాచడం కుదరదు. అమ్మ ముఖం ఒకలా, బిడ్డ ముఖం ఇంకోలా ఉంటుంది. పార్కులో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. పిల్లకి అర్థమయ్యేలా చెప్పడానికి పుస్తకాలు కావాల్సొచ్చాయి.

ఏ పుస్తకం ఏం చెబుతుంది?

రోజ్ లూయిస్ రాసిన 'ఐ లవ్ యూ లైక్ క్రేజీ కేక్స్' 2000లో వచ్చింది. పెళ్ళి కాని ఒక అమెరికన్ మహిళ చైనా వెళ్ళి పాపని తెచ్చుకుంటుంది. కథంతా అమ్మ ఆ పాపతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మురిపెం ఎక్కువే, కానీ చివర్లో ఆ తల్లి పాపని హత్తుకుని, బిడ్డని తన దగ్గర ఉంచుకోలేకపోయిన ఆ చైనా తల్లిని తలుచుకుని ఏడుస్తుంది. ఉన్నది ఒక్క చోటే అయినా, కన్నతల్లిని మరిచిపోలేదు.

గ్రేస్ లిన్ 2007లో రాసిన 'ది రెడ్ థ్రెడ్'లో ఒక రాజూ రాణీ ఉంటారు. ఇద్దరికీ గుండెలో ఏదో తెలియని నొప్పి. వాళ్ళ గుండెల్ని లాగుతున్న ఎర్రదారం పట్టుకుని వెళితే, అది దూరదేశంలో ఒక బిడ్డ దగ్గరికి చేరుస్తుంది. చైనాలో ఈ దారం పెళ్ళి కావాల్సిన ఇద్దరిని కలుపుతుందంటారు. 'బ్రహ్మ రాసిపెట్టాడు' అంటాం చూడండి, అలాంటిది. పెంచుకునేవాళ్ళకి ఈ మాట ఎంతో ఊరట. కానీ పెద్దయిన దత్తపిల్లలు కొందరు దీన్ని నిలదీశారు. అన్నీ రాసిపెట్టి ఉంటే, మమ్మల్ని కన్నతల్లి పోగొట్టుకోవడం కూడా రాసిపెట్టి ఉన్నట్టేనా అని.

మన దేశంతో ముడిపడిన పుస్తకం ఉమా కృష్ణస్వామి 2006లో రాసిన 'బ్రింగింగ్ ఆశా హోమ్'. అరుణ్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడికి రాఖీ కట్టే చెల్లెలు కావాలి. వాళ్ళ నాన్న ఇండియాలో పుట్టినవాడు. అక్కడి నుంచి ఆశ అనే పాపని దత్తత తీసుకోవాలనుకుంటారు. సర్కారు కాగితాలు కదిలేసరికి దాదాపు ఏడాది పడుతుంది. వీసా స్టాంపింగ్ కోసం పెళ్ళాం పిల్లలకి దూరంగా నెలలు లెక్కపెట్టిన మనవాళ్ళకి ఈ కథని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే ఇక్కడా కథ నడిచేది ఎదురుచూసేవాళ్ళ వైపు నుంచే. ఆశకి ఏమనిపించిందో మనకి తెలీదు.

నన్ను ఆపేసిన పుస్తకం అలెన్ సే 1997లో రాసి బొమ్మలు వేసిన 'ఆలిసన్'. కిమోనో వేసుకుని అద్దం ముందు నిలబడిన చిన్నపిల్లకి, తన పోలిక పక్కనున్న అమ్మానాన్నల్లో లేదని, తన బొమ్మలో ఉందని తెలుస్తుంది. దిగులు, ఆ వెంటే కోపం. అమ్మానాన్నలు చిన్నప్పటి నుంచి దాచుకున్న వస్తువుల్ని పాడుచేస్తుంది. చివరికి ఇంటి బయట తిరుగుతున్న ఒక దిక్కులేని పిల్లిని ఇంట్లో ఉంచుకుందామని అడుగుతుంది. అక్కడ తనకి ఏదో అర్థమవుతుంది. ఈ కథ బిడ్డ వైపు నుంచి నడుస్తుంది, ఆ బిడ్డని కోపం తెచ్చుకోనిస్తుంది.

బిడ్డ వైపు నుంచి చూస్తే

ఇది మనకి తెలియని విషయం కాదు. రెండేళ్ళ తర్వాత గల్ఫ్ నుంచి సెలవు మీద వెళ్ళిన నాన్నని చూసి, బిడ్డ నానమ్మ కొంగు చాటుకి పోవడం మనలో ఎంతమంది చూడలేదు? ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగిన మూడేళ్ళ పిల్లని ఇక్కడికి తెచ్చుకుంటే, నెలరోజులు రాత్రిళ్ళు అమ్మమ్మ కోసం ఏడుస్తుంది. మనకది కలయిక. పిల్లకి మాత్రం అలవాటైన ఒడి పోవడం. కన్నబిడ్డకే అలా ఉంటే, భాష, వాసన, ముఖం అన్నీ ఒక్క రోజులో మారిపోయిన బిడ్డ సంగతేంటి? పుస్తకంలో విమానం దిగడం పండగలా ఉంటుంది. లోపల కూర్చున్న బిడ్డకి అది పండగే కానక్కర్లేదు.

ఇంకో సంగతీ ఉంది. 'కన్నతల్లి పెంచలేక ఇచ్చింది' అన్న మాట అన్నిసార్లూ నిజం కాదు. 1999, 2001ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, లంబాడా తండాల నుంచి దళారులు ఆడశిశువుల్ని కొని దత్తత సంస్థలకు చేర్చారన్న వ్యవహారం బయటపడి పెద్ద గొడవైంది. దక్షిణ కొరియాలో ఎన్నో దత్తత కాగితాల్లో వివరాలు మార్చేశారని అక్కడి నిజనిర్ధారణ కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. అందుకే మనకి తెలియని తల్లి గురించి తెలిసినట్టు కథ అల్లకూడదు.

మరి ఎలా చదవాలి?

పిల్లలకి చదివే ముందు ఒకసారి మీరే తిరగేయండి. కథ ఎవరి ఎదురుచూపుతో మొదలైంది? కన్నతల్లి ఊసు ఉందా? బిడ్డ దిగులుపడటానికి చోటుందా? పుట్టిన దేశం అంటే వట్టి పేదరికమేనా, పాటా పండగా ఏమైనా ఉన్నాయా?

"నువ్వెంత అదృష్టవంతురాలివో" అనొద్దు. అదృష్టం అన్నాక పిల్ల ఏడవడానికి భయపడుతుంది. "నీ మీద ప్రేమతోనే ఇచ్చేసింది" అని కూడా అనొద్దు. ప్రేమ ఉంటే ఇచ్చేస్తారా, రేపు ఈ అమ్మ కూడా ఇచ్చేస్తుందా అని పిల్ల లెక్కేసుకుంటుంది.

డేకేర్‌లోనో, ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పని మీదైతే, జవాబు మీరు చెప్పక్కర్లేదు. "మంచి ప్రశ్న అడిగావు. నిన్ను కన్న అమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ గురించి మీ అమ్మని అడుగుదాం" అంటే చాలు. సాయంత్రం ఆ మాట తల్లిదండ్రులకి చేరవేయండి. నలుగురి ముందూ ఆ పిల్లని చూపించి "నీలాగే" అని మాత్రం అనకండి.

మన ఇళ్ళ సంగతీ ఒక మాట. అక్క బిడ్డని చెల్లెలు పెంచుకోవడం, బయటి బిడ్డని తెచ్చుకోవడం మనకి కొత్త కాదు. కానీ "బిడ్డకి తెలియనివ్వకండి" అన్న మాట వెంటనే వస్తుంది. కృష్ణుడి కథ చెప్పేటప్పుడు మాత్రం దేవకిని దాచం. చెరసాల, వానరాత్రి, యమున దాటడం చెప్పాకే యశోద ఒడికి వస్తాం. దేవకి ఉన్నందుకు యశోద ఏం తక్కువైంది? దాచింది కర్ణుడికి. తెలిసేసరికి యుద్ధం గుమ్మంలో ఉంది.

మొన్న ఆవిడ మళ్ళీ మెసేజ్ పెట్టారు. సాయంత్రం పాపని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లికి ఆ ప్రశ్న సంగతి చెప్పారట. ఆ తల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత "చెప్పినందుకు థాంక్స్. ఇన్నాళ్ళూ తను అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను" అందట. లైబ్రరీ నుంచి ఆవిడ 'ఆలిసన్' తెచ్చారు. ఇప్పుడు పాప రోజూ ఆ పిల్లి పుస్తకమే చదవమంటోందట.