పాత మోటార్‌హోమ్ కొనాలా, అద్దెకు తీసికోవాలా?

2024 మే నెలలో అమ్మను తీసికొని డల్లాస్‌లో ఉన్న మా తమ్ముని ఇంటికి వెళ్ళాను. మేము దిగిన మూడవ రోజే వాడు ఒక ఫోటో చూపించాడు. "అన్నయ్యా, ఇది కొందామనుకుంటున్నాను. పదిహేను వేల డాలర్లు. ఇందులో అమ్మను గ్రాండ్ కాన్యన్ తీసికెళ్దాము" అన్నాడు.

అది మోటార్‌హోమ్. చూడనివారి కోసం చెప్తాను. ఫోర్డు ట్రక్కు ఛాసిస్ మీద కట్టిన చిన్న ఇల్లు అది. డ్రైవరు నెత్తి మీద ఒక పరుపు, వెనుక ఒక మంచము, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, మూలన మరుగుదొడ్డి. అక్కడివారు ఆర్.వి. అంటారు. విన్నెబాగో అనే కంపెనీ 1966 నుండి అమెరికాలో ఇటువంటివి తయారు చేస్తున్నది. తమ్ముడు చూసినది 2001 నాటిది. తిరిగినది 46,000 మైళ్ళే.

వాడి కోరికలో తప్పేమీ లేదు. అమ్మకు 74 యేళ్ళు, షుగరు. గంటకొకసారి లేవాలి. బయటి తిండి సరిపడదు. గ్రాండ్ కాన్యన్‌కు వెళ్ళేందుకే సుమారు 1,100 మైళ్ళు, కారులో అంత దూరము కూర్చోలేదు. నాన్నగారు పోయిన తరువాత ఆమె నోరు తెరచి అడిగిన ప్రయాణము ఇదొక్కటే. అయితే ఆ పదిహేను వేలు పెద్దపిల్ల కాలేజీకి దాచినవట. మరదలు వంటగదిలో మెల్లగా చెప్పినది. "ఆయనతో నేనెలా అంటాను బావగారూ? అత్తయ్యగారి ప్రయాణానికి అడ్డం పడినట్లుంటుంది కదా!" ఎన్నో జంటలకు డబ్బు సంగతి దాచుకోకండని చెప్పేవాడిని. నా సొంత ఇంట్లో మాత్రము ఆ పూట నోరు పెగలలేదు.

శనివారము బండి చూడటానికి వెళ్ళాము. తమ్మునితో పనిచేసే ఒక పెద్దాయన, వీటిలో ఇరవై యేళ్ళు తిరిగినవాడు, తోడు వచ్చాడు. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. నిచ్చెన ఎక్కి పైకప్పు చూశాడు. లోపలికి వచ్చి పై పరుపు పక్కన మూలను బొటనవ్రేలితో నొక్కాడు. గోడ మెత్తగా లోపలికి పోయినది! పాత మోటార్‌హోమ్‌కు శత్రువు మైళ్ళు కాదు, నీళ్ళు. పైకప్పు అతుకులకు వేసిన సీలెంటు యేటేటా చూసుకోకపోతే వాన నీరు గోడలోని చెక్కను కుళ్ళబెడుతుంది. బయటికి రంగు మెరుస్తూనే ఉంటుంది.

తరువాత టైర్లు. గాళ్ళు కొత్తవాటిలా ఉన్నవి. ఆయన వంగి, టైరు పక్కన డాట్ అనే అక్షరాల చివర ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. 2214. అంటే 2014లో 22వ వారములో తయారైనదన్నమాట. ఎంత తక్కువ తిరిగినా ఆరేడు యేళ్ళు దాటిన టైరును నమ్మకూడదట. వెనుక జంట చక్రాలు గనుక మొత్తము ఆరు టైర్లు మార్చాలి. జెనరేటరు కూడా స్టార్టు కాలేదు. నడపకుండా ఉంచితే కార్బురేటరులో పెట్రోలు జిగురు కడుతుందట.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద లెక్క వేశాము. కొంటే టైర్లకు 1,500 డాలర్లు. ఇంటి ముందు నిలపనివ్వరు గనుక వేరే స్థలమునకు నెలకు 100. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను యేటా 800. అంటే కదలకుండా నిలబడి ఉన్నా యేటికి 2,000. గోడ మరమ్మతు ఎంతవుతుందో విప్పితేగాని తెలియదు. పదేళ్ళు దాటిన బండ్లను రానివ్వని ప్రైవేటు క్యాంపులు కూడా కొన్ని ఉన్నవి. అద్దెకైతే రాత్రికి 165 చొప్పున పది రాత్రులకు 1,650, మైలుకు 35 సెంట్లు చొప్పున 770, ఇన్సూరెన్సు, శుభ్రత వగైరా కలిపి సుమారు 2,800. పెట్రోలు రెండింటికీ ఒకటే, గాలనుకు 9 మైళ్ళు.

పాతది కొనేవారందరూ తెలివితక్కువవారని అనను. ధర పడవలసినంత అప్పటికే పడిపోయి ఉంటుంది గనుక, రిటైరై యేటికి మూడు నెలలు తిరిగేవారికి, రెంచీ పట్టడము వచ్చినవారికి మంచి పాత బండి లాభమే. మావాడికి యేటా రెండు వారాలే సెలవు. పైగా ఇంట్లో కుళాయి కారినా మనిషిని పిలుస్తాడు. అది నేను అన్నాను. కాలేజీ డబ్బు మాట మాత్రము మరదలే, లెక్క కాగితము చూస్తూ, తలెత్తకుండా అన్నది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ముందే చెప్పవచ్చు కదా" అన్నాడు.

జూన్‌లో 25 అడుగుల బండి అద్దెకు తీసికొన్నాము. అమ్మ వెనుక మంచము మీద పడుకొని వస్తుందనుకున్నాము. బండి నడుస్తున్నప్పుడు అందరూ సీటులో బెల్టు పెట్టుకొనే కూర్చోవాలి, ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. మొదటి మెట్టు ఆమె మోకాళ్ళకు ఎత్తయి, వాల్‌మార్ట్‌లో ఒక స్టూలు కొన్నాము. గిన్నెల మోతకు మొదటి రోజు తలనొప్పి వచ్చినది. కానీ తన చేతితో అన్నము, చారు వండుకొన్నది. కావలసినప్పుడల్లా బండి ఆపించినది. మురికి ట్యాంకు గొట్టము తగిలించి ఖాళీ చేసే పని తమ్ముడు చేతికి గ్లవుజులు తొడుక్కొని, ముఖము పక్కకు తిప్పుకొని చేసేవాడు. అమ్మ కిటికీలోనుండి చూసి నవ్వేది. దక్షిణపు అంచున కుర్చీ వేస్తే రెండు గంటలు కూర్చొన్నది. మాట్లాడలేదు.

ఆగస్టులో ఆ పాత బండి యజమాని 11,500కే ఇస్తానని ఫోను చేశాడట. తమ్ముడు వద్దన్నాడు. అమ్మను మళ్ళీ పిలిపించినప్పుడు 22 అడుగులది, మెట్టు తక్కువ ఎత్తున్నది అద్దెకు అడుగుతానన్నాడు. స్టూలు మాత్రము గ్యారేజీలో దాచి ఉంచాడట.