జెనీవా బడిలో క్రొత్త కుటుంబము

ఇంటర్నేషనల్ స్కూలు అన్న బోర్డు నేడు హైదరాబాదులోను, విజయవాడలోను ఏ పేటకు పోయినను కనబడుచున్నది. ఇంగ్లీషు మీడియము, ఏసీ గదులు, హెచ్చు ఫీజు, ఈ మూడును ఒకచోట చేరిన నదియే అంతర్జాతీయ విద్యాలయ మనుకొనుట మనకు అలవాటైపోయినది. అయితే ఆ పేరును ప్రపంచములో మొట్టమొదట ధరించిన పాఠశాలలలో నొకటి స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరములో నేటికిని నడచుచున్నది. ఐక్యరాజ్యసమితి కార్యాలయములలోను, ప్రపంచ ఆరోగ్య సంస్థలోను, సెర్న్ పరిశోధనాలయములోను, బ్యాంకులలోను ఉద్యోగములు దొరకి ఆ నగరమునకు తరలిపోవు తెలుగు కుటుంబములు ఇప్పుడు అరుదు కావు గనుక, ఆ బడిని గూర్చియు, ఆ కోవకు చెందిన బడులలోని జీవితమును గూర్చియు కొంత విపులముగా చెప్పుట అవసరమని తోచుచున్నది. పిల్లవాడు చేరిన మొదటి యేడు తల్లిదండ్రులు పడు కలవరములో సగము, అచ్చటి ఆచారములు ఎందుకు పుట్టినవో తెలియకపోవుటచేతనే కలుగును.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట నానాజాతి సమితి జెనీవాలో నెలకొనెను. అంతర్జాతీయ కార్మిక సంస్థయు అచ్చటికే చేరెను. నానాదేశముల నుండి వచ్చిన ఉద్యోగులు తమ బిడ్డలను ఎచ్చట చదివింపవలెనో తెలియక తికమకపడుచున్న ఆ దినములలో, సమితి ఉద్యోగులగు ఆర్థర్ స్వీట్సర్, లుడ్విక్ రైహ్మన్ అనువారును, నూతన విద్యావిధానమునకు ప్రవక్తగా పేరొందిన స్విస్ పండితుడు అడాల్ఫ్ ఫెరియేరును పూనుకొని, 1924లో ఎనిమిదిమంది పిల్లలతో ఈ బడిని తెరచిరి. అదే సంవత్సరమున జపానులోని యొకొహామాలో మరియొక అంతర్జాతీయ పాఠశాల వెలసెను. రెండేండ్లకు, అనగా 1926లో, భార్య కమల చికిత్సకై జెనీవా చేరిన జవహర్‌లాల్ నెహ్రూ, ఎనిమిదేండ్ల తన కుమార్తె ఇందిరను ఈ బడిలోనే చేర్పించెను. నాడు ఎనమండుగురితో మొదలైన ఆ పాఠశాల నేడు మూడు ఆవరణములలో, నూటికి పైబడిన దేశములకు చెందిన నాలుగువేలకు పైగా విద్యార్థులతో వర్ధిల్లుచున్నది.

దీని చరిత్రలో మరువరాని వ్యక్తి మరీ తెరేజ్ మొరెత్. 1929 నుండి 1949 వఱకు ప్రధానాధ్యాపకత్వము వహించిన ఈ విదుషీమణి, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలు రెండును పిల్లలకు పట్టుబడవలె ననియు, ఏ ఒక్క దేశపు చరిత్రయో గాక మానవజాతి యంతటి కథయు వారి చెవిని పడవలె ననియు పట్టుబట్టెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, శాంతికొఱకు విద్య గరపు పద్ధతులు కలవా యను ప్రశ్నపై యునెస్కో సంస్థ కామె యొక చిన్న గ్రంథమును వ్రాసి యిచ్చెను. యుద్ధములో పరస్పరము పోరాడిన దేశముల పిల్లలను ఒకే బల్లపై కూర్చుండబెట్టి చదువు చెప్పిన అనుభవము ఆ గ్రంథమునకు ఆధారము. ఈ బడి ఉపాధ్యాయుల పూనికతోనే, ఏ దేశమునకు పోయినను చెల్లుబడి యగు పరీక్ష యొకటి కావలెనను సంకల్పము బలపడి, 1968లో ఇంటర్నేషనల్ బాకలోరియా, అనగా ఐబీ, జెనీవాలో స్థాపితమయ్యెను. ఇప్పుడు మన హైదరాబాదు బడులలో వినవచ్చు ఐబీ యను మాటకు పుట్టినిల్లు అదియే.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పితి ననగా, ఈ బడులలోని ప్రతి ఆచారమునకును ఒకే కారణము కలదు. మన ఊళ్లలో బడి ఊరిలో నొక భాగము. తండ్రి చదివిన బడిలోనే కొడుకు చదువును, టీచరుగారికి తాతగారి పేరు కూడ తెలిసియుండును, పండుగలు వీధిలో నుండి తమంతట తామే బడిలోనికి నడచివచ్చును. జెనీవా బడిలో పిల్లలు పెక్కుమంది పరదేశమునుండి వచ్చినవారే. వారిలో ననేకులు రెండు మూడేండ్లలో మరల ఎచ్చటికో వెడలిపోవుదురు. పెక్కుమంది చిరకాలము నిలువని చోట ఆచారములు తాతముత్తాతలనుండి దిగిరావు. వాటిని బుద్ధిపూర్వకముగా కల్పించుకొని, ప్రతి సంవత్సరమును క్రొత్తవారికి నేర్పవలసియుండును. అందుచే ఇట్టి బడులలో మిక్కిలి శ్రద్ధతో జరుగు కార్యములు రెండు: వచ్చినవారిని కలుపుకొనుట, పోవువారిని సాగనంపుట. ఈ రెంటిని అర్థము చేసికొన్న కుటుంబమునకు తక్కిన వన్నియు సులభముగా బోధపడును.

బడి ఆగస్టు నెలాఖరున తెరతురు. క్రొత్తగా చేరిన పిల్లవానికి, సాధారణముగా ఆ తరగతిలోనే యున్న యొకనిని తోడుగా నిత్తురు. భోజనశాల ఎచ్చటనో, కోటు ఎచ్చట తగిలింపవలెనో, ఆటస్థలములో ఎవరితో ఆడవలెనో చూపించుట ఆ తోడుపిల్లవాని పని. వాడు నిరుడో మొన్ననో క్రొత్తవాడుగా వచ్చినవాడే గనుక, ఈ పనిని పెద్దలకంటె చక్కగా చేయును. తల్లిదండ్రులకును ఇట్టి ఏర్పాటే యుండును. పాత కుటుంబములు క్రొత్తవారిని కాఫీకి పిలుతురు. మొగమాటముచేత మనవారు ఈ పిలుపులను దాటవేయుట కలదు. అట్లు చేయరాదని నా దృఢమైన అభిప్రాయము. చలికోటు ఏ అంగడిలో దొరకునో, పిల్లల డాక్టరు ఎవరో, ఫ్రెంచిలో వచ్చిన ఉత్తరమును ఎవరిచేత చదివించుకొనవలెనో ఆ కాఫీ బల్లవద్దనే తెలియును.

భోజనము మాట వేఱుగా చెప్పవలెను. శాకాహారులైనచో ఆ సంగతి చేర్చిననాడే కాగితముపై స్పష్టముగా వ్రాసి యీయవలెను. మాంసము మాత్రము తినడా, గ్రుడ్డు కూడ తినడా, చేపమాట ఏమి, అని వారు అడుగు ప్రశ్నలు మనకు వింతగా తోచినను, వారికవి నిత్యకృత్యములు. ఇంటినుండి పెట్టె కట్టిపంపు తల్లులు మరియొకటి గుర్తుంచుకొనవలెను. వేరుశనగ పడని పిల్లలకు దాని వలన ప్రాణాపాయము కలుగవచ్చును గనుక, అనేక బడులలో అది నిషిద్ధము. పులిహోరలోని పల్లీలు, పల్లీ చట్నీ, వేరుశనగ ఉండలు ఇంటివద్దనే నిలిచిపోవలసినవి. ఈ నిషేధము మన వంటకు జరిగిన అవమాన మని తలపక, ప్రక్కబల్లపై కూర్చున్న పసివాని రక్షణకై ఏర్పడిన నియమ మని గ్రహించినచో మనసునకు కష్టము తోచదు. పెరుగన్నమునకును, పప్పన్నమునకును, కందిపొడికిని అభ్యంతరము సామాన్యముగా నుండదు.

చదువు విషయమున మనవారిని మిక్కిలి కలవరపెట్టునది ర్యాంకు లేకపోవుట. టీచరును కలిసికొను దినమున తండ్రి, మావాడు క్లాసులో ఎన్నవవా డని అడుగును, అందులకు జవాబుండదు. ప్రాథమిక తరగతులలో నొక్కొక్కప్పుడు ఆ సమావేశమును నడపువాడు పిల్లవాడే. తాను చేసిన పటమును, సగము కొట్టివేసిన లెక్కను, ఫ్రెంచిలో వ్రాసిన నాలుగు వాక్యములను అమ్మకును నాన్నకును చూపించి, ఇది నాకు వచ్చినది, ఇది ఇంకను రాలేదు, వచ్చే నెలకు ఇది నేర్చుకొందును, అని చెప్పును. టీచరు ప్రక్కన కూర్చుండి ఎక్కువభాగము వినుచుండును. ఆ సమయమున తండ్రి అందుకొని తప్పులు దిద్ద మొదలిడినచో ఆ సమావేశమంతయు వ్యర్థమగును. ఏడేండ్ల బిడ్డ తన లోపమును తాను భయపడక చెప్పగలుగుట ఎంత గొప్ప విద్యయో మన బడులు ఇంకను గుర్తింపవలసియున్నది.

ఇక ఊరి పండుగ. డిసెంబరు వచ్చినదనగా జెనీవా అంగళ్ల అద్దములలో చాక్లెట్టుతో చేసిన మూడుకాళ్ల వంటపాత్రలు బారులు తీరును. 1602వ సంవత్సరమున, డిసెంబరు 11వ తేది రాత్రి తెల్లవారకమునుపు, సవాయ్ ప్రభువు సైనికులు నిచ్చెనలు వేసి జెనీవా కోటగోడ నెక్కిరి; పట్టణవాసులు నిద్రలేచి వారిని తరిమివేసిరి. మేర్ రుయాయోమ్ అను గృహిణి, పొయ్యిమీద కాగుచున్న కూరగాయల చారును కుండతో సహా శత్రువుల నెత్తిన కుమ్మరించినదని అచ్చటివారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆమె జ్ఞాపకార్థమే ఈ చాక్లెట్టు పాత్ర. దాని పొట్టపై నగర చిహ్నమైన సగము గ్రద్దయు తాళపుచెవియు ముద్రింపబడియుండును. లోపల బాదముపప్పును చక్కెరను నూరి చేసిన చిట్టి క్యారెట్లు, ముల్లంగులు, బఠానీకాయలు, ఎఱ్ఱ పసుపు కాగితములలో చుట్టిన మిఠాయిలు నిండియుండును. గుంపులో నందఱికంటె పెద్దవారును అందఱికంటె చిన్నవారును చేయిచేయి కలిపి, గణరాజ్య శత్రువు లిట్లే నశించిరని ఉచ్చరించుచు, ఒక్కదెబ్బతో దానిని పగులగొట్టుదురు. పిల్ల లందఱును ముక్కల మీద పడుదురు. పిల్లలు వేషములు ధరింతురు, కూరగాయల చారు వేడివేడిగా త్రాగుదురు, ప్రాతకాలపు మాండలికములో 68 చరణములున్న విజయగీతములోని కొన్నింటిని పాడుదురు. ఆ సవాయ్ సీమ నేడు ఎల్లకావలి ఫ్రాన్సులో నున్నది. అచ్చటినుండి వచ్చి జెనీవాలో చదువుకొను పిల్లలును ఆ పాత్రను పగులగొట్టుటలో ముందే నిలుతురు. క్రొత్త కుటుంబము ఈ కథను నవంబరులోనే తెలిసికొని పిల్లలకు చెప్పుట మంచిది. అప్పు డా దినమున మనపిల్ల ప్రేక్షకురాలుగా నిలిచిపోక, తానును చేయి కలుపును.

అక్టోబరు 24 ఐక్యరాజ్యసమితి దినము. అనేక అంతర్జాతీయ పాఠశాలలలో ఆనాడు పిల్లలు తమతమ దేశముల దుస్తులు ధరించి వత్తురు, తల్లులు వంటకములు తెత్తురు. పట్టుపరికిణీ కట్టుకొని మన అమ్మాయి నడచుచుండగా చూచుట ఆనందదాయకమే. అయినను జెండా, దుస్తు, వంట, ఈ మూటితో ఒక జాతి పరిచయము ముగిసినదనుకొనుట పొరపాటని ఆ బడుల ఉపాధ్యాయులే చెప్పుదురు. తల్లి యొకనాడు తరగతికి వెళ్లి సంక్రాంతి బొమ్మలకొలువును చిన్నదిగా పేర్చి చూపి, ఏ బొమ్మ ఎవరిచ్చినదో, ఏటేట ఒక క్రొత్తబొమ్మ ఎందుకు చేరునో చెప్పినచో, ఆ పిల్లలు తమ యింటి క్రిస్మసు అలంకారములను గూర్చియు, తమ అవ్వల వస్తువులను గూర్చియు చెప్పుట కారంభింతురు. ఆ సంభాషణ కొఱకే ఇట్టి బడులు ఏర్పడినవి.

మాతృభాష విషయమున మనవారు చేయు పెద్ద పొరపాటు, పిల్లవానికి ఇంగ్లీషు త్వరగా రావలెనని ఇంటిలో తెలుగు మానివేయుట. ఇంటిభాష గట్టిగా నున్న పిల్లకు క్రొత్తభాష లోతుగా పట్టుబడునని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు నొక్కి చెప్పుచున్నారు. ఐబీలో పదునాఱేండ్లు దాటిన విద్యార్థి ఆఱు విషయములు చదువును. అందొకటి తన భాషా సాహిత్యము. బడిలో బోధింపబడని భాషయైనను, తగిన ఏర్పాటుతో ఆ సాహిత్యమును స్వయముగా చదివి పరీక్ష వ్రాయు మార్గము కలదు. తెలుగునకు ఆ సౌకర్యము కోరదలచినవారు రెండు మూడేండ్లు ముందుగనే పాఠశాల నడిగి తెలిసికొనవలెను; అప్పటికి బిడ్డ తెలుగు చదువగలిగియుండవలెను గదా!

జూన్ నెలాఖరున ప్రతి తరగతిలోను కొందఱు వెడలిపోవుదురు. ఇట్టి పిల్లల మనఃస్థితిని మొదట పరిశీలించిన వారిలో ముఖ్యురాలు రూత్ హిల్ యూసీమ్ అను అమెరికను సంఘశాస్త్రవేత్త. ఆమెయు, భర్త జాన్ యూసీమును 1950ల ప్రాంతమున భారతదేశములో నివసించు అమెరికనులను పరిశీలించుచు, తల్లిదండ్రుల సంస్కృతిలోను గాక, నివసించు దేశపు సంస్కృతిలోను గాక, ఆ రెంటి నడుమ మూడవదానిలో పెరుగు పిల్లలు కలరని గుర్తించిరి. నీది ఏ ఊరని అడిగినచో ఈ పిల్లలు వెంటనే జవాబు చెప్పలేరు. తరువాత ఈ విషయమున కృషి చేసిన డేవిడ్ పోలక్ అను ఆయన, ఒక ఊరు విడుచునప్పుడు నాలుగు పనులు చేయుడని ఉపదేశించెను: తగవులున్నచో తీర్చుకొనుడు, మేలు చేసినవారికి కృతజ్ఞత చెప్పుడు, మనుష్యులనేగాక స్థలములను వస్తువులను కూడ చూచి సెలవు పుచ్చుకొనుడు, పోవు చోటును గూర్చి ముందే ఆలోచించుడు.

మనవారు సాధారణముగా ఈ నాలుగింటిలో కడపటిదానినే చేయుదురు; హైదరాబాదులో ఇల్లు, బడిసీటు, టీసీ, కంటెయినరు, వీటితోనే మే జూన్ మాసములు గడచిపోవును. సామానులు కట్టు హడావిడిలో పిల్లవాని సెలవులకు ఒక్క సాయంకాలమైనను మిగులదు. బడి మాత్రము వానిచేత తరగతి గోడపై పేరు వ్రాయించి, స్నేహితులందఱును సంతకములు చేసిన పుస్తక మొకటి చేతికిచ్చి పంపును. తల్లిదండ్రులు చేయవలసినది, మే నెలలోనే బయలుదేరు సంగతిని వానికి దాచక చెప్పి, వాడు ఎవరెవరిని కలియగోరునో, సరస్సు ఒడ్డున ఏ ఆటస్థలమునకు మరల పోగోరునో వానిచేతనే జాబితా వ్రాయించి, ఆ జాబితా తీరిన పిదపనే విమానపు టికెట్టు తేదిని ఖాయపరచుట.