రోగి చేతికి మార్ఫిన్

మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ జిల్లాలలోను, వాటిని ఆనుకొని ఉన్న రాజస్థాన్ గ్రామాలలోను శీతకాలం ముగిసేనాటికి గసగసాల చేలు పూత రాల్చుకొని కాయలతో నిలుస్తాయి. పాత పద్ధతిలో సాగుచేసే రైతు పగటివేళ పచ్చికాయకు సన్నని గాట్లు పెడతాడు. రాత్రంతా కారి చిక్కబడిన పాలను మరునాటి ఉదయం గీకి పాత్రలోకి తీస్తాడు. అదే నల్లమందు. ఈ సాగుకు లైసెన్సులు ఇచ్చేది గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా పనిచేసే కేంద్ర మాదకద్రవ్యాల శాఖ. పండిన నల్లమందునంతటినీ రైతు ప్రభుత్వానికే అప్పగించాలి. నీమచ్‌లోను, ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్‌లోను ఉన్న ప్రభుత్వ కర్మాగారాలకు అది చేరుతుంది. ఘాజీపూర్ కర్మాగారం ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1820లో స్థాపితమైనది. ఔషధాల తయారీకై నల్లమందును చట్టబద్ధంగా ప్రపంచ విపణికి ఎగుమతి చేసే దేశం మనదే. అటువంటి దేశంలో, ఈ నల్లమందు నుంచే లభించే మార్ఫిన్ మాత్ర దొరకక, అసంఖ్యాకులైన క్యాన్సర్ రోగులు తుది దినాలను భరించరాని నొప్పితో గడపవలసి వచ్చింది. ఈ పరిస్థితి ఏ విధంగా ఏర్పడిందో, దానిని మార్చడానికి సామాన్య ప్రజలు, వైద్యులు కలిసి ఎంతకాలం శ్రమించారో తెలుసుకోదగినది.

నల్లమందు నుంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో సెర్టర్నర్ అనే జర్మన్ ఔషధశాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. రెండువందల సంవత్సరాలు గడచినా, తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వైద్యులు నేటికీ ప్రధానంగా ఆధారపడేది దానిమీదనే. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల చికిత్సా విధానాన్ని ప్రకటించింది. స్వల్పమైన నొప్పికి పారాసిటమాల్ వంటివి, అవి చాలనప్పుడు కోడీన్ వంటివి, అప్పటికీ తగ్గనప్పుడు మార్ఫిన్. సూదిమందు అవసరం లేదు, నోటి ద్వారా ఇస్తే చాలును. నొప్పి వచ్చిన తరువాత కాక, రాకముందే, గడియారం ప్రకారం నాలుగేసి గంటలకొకసారి ఇవ్వాలి. మలబద్ధకం తప్పక కలుగుతుంది కనుక దానికి మందు తొలిరోజు నుంచే జోడించాలి. చికిత్సంతా ఇంతే. పెద్ద యంత్రాలు గాని, శస్త్రచికిత్స గాని దీనికి అక్కరలేదు. నర్సు నేర్పితే ఇంటిలోని భార్యయో, కొడుకో ఇవ్వగలిగిన మందు ఇది.

అయితే మార్ఫిన్‌కు మరొక ముఖం కూడా ఉంది. అది వ్యసనాన్ని కలిగించగల పదార్థం. దానిని అక్రమ మార్గాలకు మళ్లించే ప్రమాదం ఎల్లప్పుడూ ఉంటుంది. అంతర్జాతీయ ఒడంబడికలు ఈ రెండు ముఖాలనూ గుర్తించాయి. 1961 నాటి మాదకద్రవ్యాల ఏకైక ఒడంబడిక తన పీఠికలోనే, నొప్పి నివారణకు ఈ ఔషధాల వైద్య వినియోగం అనివార్యమని, అవి రోగులకు లభించే ఏర్పాటు ఉండాలని చెబుతూ, దుర్వినియోగాన్ని అరికట్టవలసిన బాధ్యతను కూడా రాజ్యాలపై ఉంచింది. భారతదేశం ఆ ఒడంబడికలో భాగస్వామి. ఆచరణలో మాత్రం మొదటి బాధ్యత రెండవదాని వెనుక మరుగున పడింది.

1985లో పార్లమెంటు ఆమోదించిన ఎన్.డి.పి.ఎస్. చట్టం ఆ సంవత్సరం నవంబరు 14 నుంచి అమలులోనికి వచ్చింది. అక్రమ వ్యాపారాన్ని అణచడం దాని ప్రధానోద్దేశం. అనేక నేరాలకు కనీస శిక్షగా పది సంవత్సరాల కఠిన కారాగారవాసాన్ని విధించింది. వైద్య వినియోగాన్ని చట్టం నిషేధించలేదు. కాని దానికి సంబంధించిన నియమాలను రూపొందించే అధికారం రాష్ట్రాలకు చెందడంతో, ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధానం ఏర్పడింది. మార్ఫిన్‌ను నిల్వ ఉంచుకొనడానికి ఒక లైసెన్సు, ఇతర రాష్ట్రం నుంచి తెప్పించుకొనడానికి మరొకటి, రవాణాకు ఇంకొకటి. వీటిని ఇచ్చే కార్యాలయాలు వేరువేరు. చివరి లైసెన్సు చేతికి వచ్చేలోపున మొదటిదాని గడువు తీరిపోవడం కూడా కద్దు. గుమాస్తా చేసిన చిన్న పొరపాటుకు సైతం జైలు తప్పదేమోనన్న భయంతో ఆసుపత్రులు, మందుల దుకాణాలు మార్ఫిన్‌ను నిలువ చేయడమే మానుకొన్నాయి. అడిగేవారు లేనందున తయారుచేసేవారూ తగ్గారు.

ఇదే చట్టం గంజాయి నిర్వచనం నుంచి ఆకును మినహాయించింది. కనుక పండుగనాటి భంగుకు దారి నిర్వచనంలోనే దొరికింది. రోగి మార్ఫిన్‌కూ దారి ఉండినది గాని, దాని పొడవునా తలుపులు, తలుపు తలుపుకూ తాళాలు!

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 1985 నుంచి 1997 వరకు దేశంలో మార్ఫిన్ వైద్య వినియోగం 97 శాతం పడిపోయి, యావద్దేశానికీ సంవత్సరానికి సుమారు 18 కిలోగ్రాములకు దిగజారింది. ఇందులో కనిపించని నష్టం మరొకటి ఉంది. ఈ కాలంలో వైద్యవిద్య పూర్తిచేసిన ఒక తరం వైద్యులు మార్ఫిన్ మాత్రను చూడకుండానే, దాని మోతాదు నిర్ణయించడం నేర్వకుండానే వృత్తిలో ప్రవేశించారు. చట్టాన్ని సవరించవచ్చును గాని, ఒక తరం మరచిన విద్యను తిరిగి నేర్పడం అంత సులభం కాదు.

మార్పు రాజధానిలో ఆరంభం కాలేదు. 1993లో కేరళలోని కాలికట్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారితో కలిసి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్ సంఘాన్ని స్థాపించారు. వ్యాధిని నయం చేయలేకపోయినా, రోగి బాధను తగ్గించి, కుటుంబానికి అండగా నిలవడమే పాలియేటివ్ కేర్. మార్ఫిన్ లేనిదే ఈ సేవ అసంపూర్ణమని వారికి త్వరలోనే బోధపడింది. రోగి ఇంటికి మార్ఫిన్ పంపితే అది దారితప్పి వ్యసనపరుల చేతికి చేరుతుందన్నది అధికారుల శంక. శంకకు సమాధానం వాదన కాదు, లెక్క. కాలికట్ కేంద్రంలో రెండు సంవత్సరాల కాలంలో 1,723 మంది రోగులు ఇంటివద్దనే మార్ఫిన్ మాత్రలు వాడారు. వాటిలో ఒక్కటైనా దుర్వినియోగమైన ఉదంతం కనబడలేదని 2001లో వైద్యపత్రిక లాన్సెట్‌లో ప్రకటితమైంది. ఆ తరువాత అధికారులతో జరిగిన చర్చలలో ఈ లెక్క ఎంతో ఉపకరించింది.

కేరళ కృషిలో విశేషం వైద్యులకంటే ఇరుగుపొరుగువారిది. మలప్పురం జిల్లాలో 1999 ప్రాంతాన మొదలైన ఇరుగుపొరుగు సేవా విధానంలో వారానికి కనీసం రెండు గంటలు వెచ్చించగల ఎవరైనా శిక్షణ పొంది రోగుల ఇండ్లకు వెళ్లవచ్చును. ఆటో డ్రైవర్లు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు ఇందులో చేరారు. ఖర్చులో అధికభాగం చిన్న చిన్న విరాళాల నుంచే సమకూడింది. మంచం పట్టిన మనిషి ఎవరింట ఉన్నారో, ఎవరికి నొప్పి తగ్గలేదో ఊరికి తెలిసేసరికి, మార్ఫిన్ లేమి ఆసుపత్రి గోడల మధ్యనుంచి పంచాయతీ సమావేశంలోకి వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇటువంటి విధానం రూపొందించడం అదే ప్రథమం.

ఈలోగా ఢిల్లీలో మరొక దారి తెరుచుకొన్నది. 1994లో ఏర్పడిన భారత పాలియేటివ్ కేర్ సంఘం సభ్యులు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ నిపుణుల తోడ్పాటుతో, నియమాల సరళీకరణకై రెవెన్యూ శాఖను ఒప్పించసాగారు. తల్లి క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ సంపాదించలేకపోయిన ఒక ఔషధశాస్త్రజ్ఞుడు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, రోగులకు జాప్యం లేకుండా మార్ఫిన్ అందే ఏర్పాటు చేయాలని 1998లో కోర్టు ఆదేశించింది. ఆ సంవత్సరమే కేంద్రం సరళమైన నమూనా నియమాలను రాష్ట్రాలకు పంపింది. నమూనా నియమం రాష్ట్రాలను బంధించదు. పదిహేను సంవత్సరాలు గడచినా వాటిని స్వీకరించిన రాష్ట్రాలు సుమారు సగం మాత్రమే. స్వీకరించిన చోట్ల సైతం ఎక్సైజు, ఆరోగ్య శాఖల మధ్య ఫైళ్లు తిరుగుతూనే ఉండేవి. ఒక్కొక్క రాష్ట్ర రాజధానికీ వెళ్లి ఒక్కొక్క కార్యదర్శికి విన్నవించుకొనడం కంటె మూలచట్టాన్నే సవరించడం మేలన్న నిర్ణయానికి కార్యకర్తలు రావడం సహజమే. 2007లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2011లో సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చి, మూడేండ్లపాటు అక్కడనే నిలిచిపోయింది.

2014 ఫిబ్రవరి మూడవ వారం తెలుగువారికి చిరస్మరణీయం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుపై పార్లమెంటు దద్దరిల్లుతున్న రోజులవి. యావద్దేశం దృష్టి దానిమీదనే ఉండగా, ఫిబ్రవరి 20న లోక్‌సభ, 21న రాజ్యసభ మాదకద్రవ్యాల సవరణ బిల్లును ఆమోదించాయి. 21వ తేదీ పదిహేనవ లోక్‌సభకు ఆఖరి సమావేశదినం. ఆ రెండు రోజులు దాటి ఉంటే బిల్లు సభతోపాటే రద్దయ్యేది. ఈ సవరణ ‘అత్యవసర మాదక ఔషధాలు’ అనే కొత్త వర్గాన్ని సృష్టించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అందులో చేరాయి. వీటికి నియమాలు చేసే అధికారం రాష్ట్రాల నుంచి కేంద్రానికి మారి, దేశమంతటికీ ఒకే విధానం ఏర్పడింది. 2015లో వెలువడిన నియమాల ప్రకారం పలు లైసెన్సుల స్థానంలో రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒకే గుర్తింపు చాలును. తగిన శిక్షణ పొందిన వైద్యుడు ఉండటం, నిల్వను తాళం కింద భద్రపరచి లెక్క వ్రాయడం, వచ్చే సంవత్సరపు అవసరాన్ని ముందుగా అంచనా వేసి తెలపడం ఆసుపత్రి బాధ్యతలు.

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థలో పాలియేటివ్ విభాగం 2006లో ఆరంభమైంది. ఉభయ తెలుగు ప్రాంతాల నుంచి రోగులు వచ్చే ప్రభుత్వ సంస్థ అది. పాలియేటివ్ కేర్ నగరానికే పరిమితమైతే వచ్చే చిక్కు ఇటువంటి చోటనే అర్థమవుతుంది. దూరపు జిల్లా నుంచి వచ్చిన రోగికి కొన్ని వారాల మాత్రలిచ్చి పంపిన తరువాత అవి అయిపోతే, దగ్గరలోని దుకాణంలో దొరకవు. కూలి పోగొట్టుకొని ఎవరో ఒకరు మళ్లీ హైదరాబాదు బస్సెక్కాలి. తరువాతి సంవత్సరాలలో తెలంగాణ ప్రభుత్వం జిల్లాలలో పాలియేటివ్ కేంద్రాలు తెరవడానికి ఈ అవసరమే ప్రేరణ అనవచ్చును.

చట్టం మారినంత వేగంగా వాడుక మారలేదు. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం నొప్పి నివారణకు కావలసిన ఈ తరగతి మందులలో భారతదేశపు రోగులకు లభిస్తున్నది 4 శాతం మాత్రమే. మరొక వైపు అమెరికాలో 1990ల చివరి నుంచి మందుల కంపెనీలు లాభాపేక్షతో ఈ మందులను విచక్షణారహితంగా ప్రచారం చేసినందున మొదలైన సంక్షోభం కాలక్రమేణ లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ ఉదాహరణను చూపి మన అధికారులు వెనుకాడటంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే కాలికట్‌లో మాత్రలు ఇచ్చినది అమ్మకపు ప్రతినిధులు కారు. రోగి ఇంటి గడప తెలిసిన నర్సులు, మిగిలిన మాత్రలను లెక్కపెట్టి తిరిగి తీసుకొనే కార్యకర్తలు. ఈ రెండింటి నడుమ ఉన్న భేదాన్ని గుర్తించి, తమ జిల్లా ఆసుపత్రి తరఫున గుర్తింపుకై దరఖాస్తు పెట్టగల ఒక్క శిక్షితుడైన వైద్యుడు లేని జిల్లాలు దేశంలో ఇంకా ఉన్నాయి. ఆ జిల్లాలలో తాళం వేసిన బీరువా, లెక్కల పుస్తకం సిద్ధం చేయడం కష్టం కాదు. సంతకం చేయవలసిన చెయ్యి మాత్రం ఇంకా తయారు కావలసి ఉన్నది.